తిన్నాకే వేయాల్సిన మాత్ర

రోగం కంటే రోగాన్ని చూడ్డానికి వచ్చేవాళ్ల మీదే నాకు మంట ఎక్కువ. మా పాపకు మొదటిసారి ఫిట్సు వచ్చిన రోజు వీధిలో సగం మంది మా ఇంట్లోనే ఉన్నారు. ఒకాయన తాళంచెవుల గుత్తి తెచ్చి పాప గుప్పిట్లో కుక్కాడు. ఒకామె ఉల్లిగడ్డ చితక్కొట్టి ముక్కు దగ్గర పెట్టింది. ఇంకెవరో చెప్పు తీసి వాసన చూపించమన్నారు. కాసేపటికి పాప తనంతట తానే తేరుకుని కళ్లు తెరిస్తే, అది నా తాళంచెవుల మహిమ అని ఆయన, నా ఉల్లిగడ్డ మహిమ అని ఆమె నా వాకిట్లో నిలబడి వాదులాడుకున్నారు. పాప బట్టలు తడిపేసుకుని, ఎవరి మొహమూ చూడలేక గోడ వైపు తిరిగి పడుకుంది. ఇక బయటికి నడుద్దామని అంతమందిలో ఒక్కరికీ తోచలేదు. నేనే అందరినీ కేకలేసి తోలాను. అప్పటినుంచి వీధిలో నాకు ముక్కోపి అని పేరు. ఉండనీ.

మాది ధర్మవరం. పట్టుచీరలు నేస్తాం. మగ్గం ముందరి గదిలోనే ఉంటుంది. పొద్దున్నే మగ్గం కింది గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నానంటే మళ్లీ అన్నానికే లేవడం. అంచులో పని ఎక్కువున్న చీరలకు పక్కన రెండో మనిషి కావాలి, ఆ మనిషి నా భార్య. కాబట్టి పొయ్యి, కొళాయి, పాప, మూడూ మా అమ్మ చేతిలోనే ఉండేవి. మా అమ్మ గట్టి మనిషి. ఒక పని ఆమెకు అప్పజెప్తే మళ్లీ వెనక్కి తిరిగి చూసుకోనక్కర్లేదని నేను నమ్మిన మనిషి.

ఫిట్సు రెండోసారి వచ్చాక అనంతపురం తీసుకుపోయాం. పిల్లల నరాల డాక్టరు. పాప తలకు తీగలు అంటించి పరీక్ష చేశారు, స్కానింగు తీశారు. భయం లేదు, కొన్నేళ్లు మందు వాడితే చాలామంది పిల్లలకు పూర్తిగా పోతుంది అన్నాడు డాక్టరు. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి మాత్ర రాశాడు. "తిన్నాకే వేయండి. ఖాళీ కడుపుతో వేస్తే వాంతి చేసుకుంటుంది. మమ్మల్ని అడక్కుండా మాత్రం మానెయ్యొద్దు" అన్నాడు. ఇంకేమన్నా చెప్తాడేమోనని నిలబడ్డాను. "నెక్స్ట్" అన్నాడు. బయట బెంచీల మీద వంతు కోసం అంతమంది కూర్చుని ఉంటే నాకొక్కడికీ ఎంతసేపని చెప్తాడు! అప్పట్లో అలా సర్దిచెప్పుకున్నాను. ఇప్పుడైతే సర్దుకోను. ఆ మాత్ర పిల్ల ఒంట్లో ఏమేం చేస్తుందో చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

ఇంటికి వచ్చి మాత్రల సంచి అమ్మ చేతికిచ్చాను. డాక్టరు చెప్పిందంతా అప్పజెప్పాను. "తిన్నంకనే ఏయల్ల, మాన్పగూడదు, అంతే గదా? నేను చూసుకుంటా పోరా" అంది.

ఫిట్సు ఆగాయి. మాకు ఊపిరి వచ్చింది. ఆ సంతోషంలో ఉండగానే పాపకు ఆకలి మొదలైంది.

ఆకలంటే మామూలు ఆకలి కాదు. పొద్దున బొరుగుల ఉగ్గాని గిన్నె ఖాళీ చేసి మళ్లీ బాణలి వైపు చూసేది. సంగటి ముద్ద తిని అవ్వ వంతులో సగం అడిగేది. అన్నం తిని చెయ్యి కడుక్కుని, తడి చెయ్యి ఆరకముందే "అవ్వా, ఏమన్నా పెట్టు" అనేది. ముందు మేం మురిసిపోయాం. అంతకుముందు అన్నం పెట్టాలంటే వెంటపడి తినిపించాల్సిన పిల్ల కదా! తర్వాత లంగాలు పట్టలేదు. జాకెట్లు కుట్లు విప్పి కుట్టుకోవాల్సి వచ్చింది. బుగ్గలు పొంగి కళ్లు చిన్నవైనాయి. అప్పుడు మొదలైంది ఊరి జనం దాడి. "ఏమప్పా, పిల్లకు ఏం మేపుతాండారు?" అని ఒకడు. "ఇట్ల మేపితే రేపు దానికి చీర నెయ్యడానికి కూడా మీ మగ్గం చాలదు" అని ఇంకొకడు. ఈ మాట అన్నవాడు నాతోపాటు నేసేవాడు, రోజూ ఒకచోట టీ తాగేవాళ్లం. మళ్లీ వాడితో టీ తాగలేదు.

ఆకలితోటే ఆగలేదు. దువ్వెన నిండా వెంట్రుకలు వచ్చేవి. నా భార్య వాటిని ఉండచుట్టి నాకు కనపడకుండా పారేసేది. పాప మాట్లాడ్డం తగ్గించేసింది. మునుపు మగ్గం పక్కన కూర్చుని బడి సంగతులన్నీ ఏకరువు పెట్టేది, మగ్గంలో ఆడే నాడె చప్పుడు కంటే దాని గొంతే ఎక్కువ వినపడేది. ఇప్పుడు ఏదన్నా అడిగితే కాసేపు మన మొహం చూసి, ఆ తర్వాత జవాబు చెప్పేది. చెయ్యి వణికేది. గ్లాసుతో నీళ్లు తెస్తే సగం దారిలోనే ఒలికేవి.

ఆ వణుకు నేను చూసింది మగ్గం దగ్గరే. పట్టు పోగు తెగితే ముడెయ్యడం మా పాపకు అయిదేళ్లకే వచ్చింది. చిన్న వేళ్లు కదా, నేను తడుముకునే చోట అది ఇట్టే పట్టుకునేది. నా భార్య "బడికి పంపు, మగ్గానికి అలవాటు చెయ్యొద్దు" అని తిట్టేది. ఆమె మాట నిజమే, కానీ అది ముడేస్తుంటే చూడ్డం నాకిష్టం. ఒకరోజు పోగు తెగితే, "నేనేస్తా నాయనా" అని వచ్చింది. రెండు కొసలు పట్టుకుంది. కొసలు దగ్గరికి వచ్చేవి, విడిపోయేవి. మళ్లీ వచ్చేవి, మళ్లీ విడిపోయేవి. కాసేపు ప్రయత్నించి, పోగు నా చేతిలో పెట్టి లేచిపోయింది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేది.

బడి సంగతి చెప్పనక్కర్లేదు. టీచరమ్మ కబురు పంపితే వెళ్లాను. "మీ పాప క్లాసులో నిద్రపోతుంది. లేపితే తూగుతుంది. అన్నం గంట కొడితే మాత్రం అందరికంటే ముందు ప్లేటు పట్టుకుని నిలబడుతుంది" అంది నవ్వుతూ. పిల్లలంతా నవ్వారు. పాప అక్కడే ఉంది. "మందు వాడతాండాము మేడమ్, ఫిట్సుకు" అన్నాను. "ఫిట్సుకు మందు వాడితే నిద్రెందుకొస్తుంది?" అంది. నాకేం తెలుసు? నాకు తెలియదని ఆమెకు చెప్పే బదులు, పిల్లల ముందర పిల్ల తిండి గురించి మాట్లాడితే బాగుండదని గట్టిగానే చెప్పి వచ్చాను. మర్నాటి నుంచి పాపను చివరి వరుసలో కూర్చోబెట్టారు.

తర్వాత డాక్టరు దగ్గరికి పోయినప్పుడు ఇవన్నీ చెప్పాను. జుట్టు, వణుకు, నిద్ర, తిండి. ఆయన కాగితం మీద ఏదో రాస్తూ, "ఫిట్సు కావాలా, జుట్టు కావాలా?" అన్నాడు.

ఆ మాట నాకు ఇప్పటికీ గొంతులో ముల్లు. దుకాణంలో సరుకు బేరం చేస్తున్నట్టు అడిగాడు. ఫిట్సు వద్దు, జుట్టూ కావాలి, పిల్లా కావాలి అని చెప్పాల్సింది. బయట ముక్కోపి అని పేరున్నవాణ్ని, ఆ తెల్ల గదిలో మాత్రం చేతులు కట్టుకుని నిలబడ్డాను.

ఇంట్లో ఒక ఉపాయం కనిపెట్టింది మా అమ్మ. ఆమెకు కదిరి నరసింహస్వామి అంటే ప్రాణం. జీవితమంతా శనివారం ఒక్కపొద్దు ఉంది. పొద్దుటినుంచి ఏమీ ముట్టదు, సాయంత్రం దీపం పెట్టి, టెంకాయ కొట్టి, అప్పుడే తింటుంది. పాపను కూడా తనతోపాటు ఉండమంది. "సామికి మొక్కుకుంటే ఫిట్సు సుద్ధంగా పోతాయి. ఒక పూట కడుపు మాడితే ఒళ్లు గూడా తగ్గుతాది" అంది. నా భార్య ఒప్పుకోలేదు. "చిన్నపిల్ల, అందులోనూ మందు మీదుండే పిల్ల" అంది. నేనేదో అనబోయేలోపే పాప "నేనుంటా అవ్వా" అంది. చాలా రోజుల తర్వాత ఒక మాటకు వెంటనే జవాబు చెప్పింది. సరే, ఇష్టంగా ఉంటానంటోంది, మధ్యలో పాలో పండో తీసుకుని మాత్ర వేసుకుంటుందిలే అనుకున్నాను.

ఫిట్సు మళ్లీ వచ్చాయి. ఆదివారం తెల్లవారుజామున. కొన్ని వారాలు ఊరుకుని మళ్లీ ఆదివారమే. డాక్టరు మాత్ర పెంచాడు. పెంచగానే ఆకలి ఇంకా పెరిగింది, చెయ్యి ఇంకా వణికింది, పాప ఇంకా దూరంగా పోయింది. మళ్లీ ఆదివారం ఫిట్సు. మళ్లీ పెంచాడు.

ఆదివారమే వస్తుందని మాకందరికీ తెలుసు. తెలిసి ఏం చేశాం? ఆదివారం ఇంట్లో మాంసం కూర వండుతాం, ఆ నీసు వాసనకు సామికి కోపం వస్తోందని మా అమ్మ తేల్చింది. ఇంట్లో మాంసం బంద్. ఎదురింటామె ఆదివారం పూట పాపను బయట ఆడనివ్వొద్దు, గాలి మంచిది కాదు అంది. తనకల్లు దగ్గర సేద్యం చేసే మా బావమరిది వచ్చి, ఆ ఇంగ్లీషు మాత్రలు కాలవలో పారేయమన్నాడు. "మా పక్క ఊర్లో ఒకాయన పసరు పోస్తాడు బావా. ఒక్క చుక్క ముక్కులో పోస్తే మళ్లీ జన్మలో రాదు" అన్నాడు. "నీ శెనక్కాయ చేనుకు పొయ్యమను ఆ పసరు, ఎండిపోకుండా ఉంటాదేమో చూస్తాం" అన్నాను. మాటా మాటా పెరిగింది. అన్నం తినకుండా బస్సెక్కి పోయాడు. పాప మీద ప్రేమతోటే వచ్చాడని నాకు తెలుసు. అయినా పోనిచ్చాను. అప్పటికి ప్రేమతో చెప్పే మాటలు వినే ఓపిక నాలో అయిపోయింది.

నాకు కావలసింది ఒక్కటే. ఫిట్సు లేకుండా, మునుపటి పాప కావాలి. వాగుడుకాయ పాప, ముడి వేసే పాప. డాక్టరు దగ్గరికి పోయిన ప్రతిసారీ ఆ పాప ఒక అడుగు వెనక్కి పోతోంది. ఇక మీదట రెండో మందు కూడా కలపాల్సి వస్తుందని ఆయన అన్నప్పుడు, ఆ రెండో మందు పాపలో ఇంకేం మిగులుస్తుందో నాకు అర్థం కాలేదు.

ఆ రెండో మందు రాయించుకోవడానికి పోయిన రోజు నా భార్యకు కుదరలేదు. అమ్మ వచ్చింది. రైలు దిగి ఆటోలో ఆసుపత్రికి పోయాం. బెంచీ మీద పాప అవ్వ ఒళ్లో తల పెట్టుకుని పడుకుంది. వంతు వచ్చింది. డాక్టరు పాత కాగితాలు తిరగేశాడు.

"మాత్రలు సరిగ్గా వేస్తున్నారా?"

"వేస్తాండాం సార్."

ప్రతిసారీ అడిగే ప్రశ్నే. ప్రతిసారీ చెప్పే జవాబే. ఆ రోజెందుకో ఇంకొకటి అడిగాడు. "ఎవరు వేస్తారు?"

మా అమ్మ కొంగు సర్దుకుని ముందుకు వచ్చింది. "నేనే సామీ. వీడు మగ్గంలో ఉంటాడు, కోడలు గూడా మగ్గంకాడే. మీరు చెప్పినట్ల తిన్నంకనే ఏస్తాండా. తినకుండా ఒక్కనాడు గూడా ఏయలా. శనివారం పొద్దున పాప ఏమీ తినదు గదా, ఒక్కపొద్దు. ఆ పూట మాత్రను ముట్టుకోను గూడా ముట్టుకోను."

గర్వంగా చెప్పింది. పంతులు దగ్గర పాఠం అప్పజెప్పిన పిల్లలాగా నిలబడింది.

డాక్టరు పెన్ను కింద పెట్టాడు. "ప్రతి శనివారమా?"

"తప్పకుండా సామీ. శ్రావణంలో మొదలుపెట్టినాం. ఇంతవరకు తప్పలా."

ఆయన మళ్లీ కాగితాలు వెనక్కి తిప్పాడు. ఎప్పుడెప్పుడు మాత్ర పెంచాడో చూసుకుంటున్నాడు. తల ఎత్తేసరికి మొహం మారిపోయింది. "శనివారం పొద్దున మందు పడకపోతే ఒంట్లో మందు తగ్గిపోతుందమ్మా. పైగా పిల్ల పస్తు. రాత్రికో తెల్లారికో ఫిట్సు వచ్చేస్తుంది. ఫిట్సు వచ్చిందని మీరు నా దగ్గరికి వస్తారు. డోసు చాలడం లేదనుకుని నేను పెంచుతాను" అన్నాడు. పెంచిన మందుకు ఆకలి పెరుగుతుంది. ఆకలికి ఒళ్లు పెరుగుతుంది. ఒళ్లు తగ్గాలని మళ్లీ ఒక్కపొద్దు. ఇది ఆయన చెప్పలేదు. అక్కడ నిలబడి నేనే కలుపుకున్నాను.

"ఈ సంగతి ముందే చెప్పాలి కదయ్యా" అన్నాడు నా వైపు తిరిగి.

అన్ని రోజులు కట్టుకుని ఉన్న నా చేతులు విడిపోయాయి. "మీరు అడగల్ల కదా సార్. జుట్టు కావాలా అని అడిగినారు. మాత్ర ఎవరేస్తారని ఈ పొద్దు అడిగినారు" అన్నాను. నా గొంతుకు బయట బెంచీల మీద ఉన్నవాళ్లు లోపలికి తొంగి చూశారు. నర్సు వచ్చి "మెల్లగా మాట్లాడండి" అంది. నేను మెల్లగా మాట్లాడలేదు. ఆ మాత్రతో ఏమేం వస్తాయో ఇప్పుడన్నా చెప్పమన్నాను, వాకిలికి అడ్డంగా నిలబడ్డాను.

చెప్పాడు. కోపంగానే మొదలుపెట్టాడు, చెప్తూ చెప్తూ మామూలు మనిషయ్యాడు. పాపను చేతులు చాచమని, వేళ్లు వణకడం చూశాడు. అది మందు వల్లే, జుట్టు కూడా మందు వల్లే, తగ్గిస్తే చాలావరకు సర్దుకుంటాయి అన్నాడు. ఆకలి కూడా అంతేనట. "పిల్ల తప్పేం లేదు. ఈ మందే ఆకలి పుట్టిస్తుంది" అన్నాడు. పాప తల ఎత్తి ఆయన వంక చూసింది. రెండో మందు రాయలేదు. రోజూ రెండు పూటలా తప్పకుండా వేస్తే ఫిట్సు రాకుండా ఉంటాయేమో చూద్దాం, ఆ తర్వాత మెల్లమెల్లగా పాత డోసుకు దిగుదాం, తొందరపడి మీరే తగ్గించొద్దు అన్నాడు. మొదటిరోజు చెప్పాల్సిన మాటలన్నీ ఆ రోజు చెప్పాడు. ఆయన మీద కోపం పోయిందని అనను. కొంచెం తగ్గింది, అంతే.

మిగిలిన కోపమంతా మా అమ్మ మీద పడింది. తిరుగు రైలు దొరకలేదు, బస్సెక్కాం. కిటికీ పక్కన పాప నిద్రపోయింది. నేను మా అమ్మను ఏమేం అన్నానో బస్సులో అందరూ విన్నారు.

"నేనేమన్నా ఇసం పెట్టినానారా?" అంది. "డాక్టరు తిన్నంకనే అన్నాడు, తిన్నంకనే ఏసినా. మాన్పొద్దన్నాడు, మాన్పలా. సామికి ఒక పూట ఇచ్చినా, అంతే. అది తప్పయితే ఆ సామి నన్ను తీస్కపోనీ."

"ఆయన తీస్కపొయ్యేది నిన్ను గాదు, దాన్ని" అన్నాను.

ధర్మవరం వచ్చేదాకా ఆమె కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఆమె చేసింది మూర్ఖత్వం కాదని, డాక్టరు మాటనూ దేవుడి మాటనూ రెండింటినీ అక్షరాలా పాటించిందని నాకు తెలుసు. తెలిసినా జాలి రాలేదు.

మర్నాటి నుంచి మాత్రల సంచి నేను తీసుకున్నాను. పొద్దున మగ్గంలోంచి లేచి, పాప తినేదాకా ఎదురుగా కూర్చుని, మాత్ర వేసి, మళ్లీ గుంటలో దిగేవాణ్ని. మా అమ్మ పళ్లెం పెట్టేసి పక్కకు తప్పుకునేది. ఆదివారాలు వచ్చాయి, పోయాయి. ఫిట్సు రాలేదు. మొదట్లో ఆదివారం తెల్లారుతుంటే నేనూ నా భార్యా పాప పక్కన కూర్చుని చూస్తూ ఉండేవాళ్లం. తర్వాత తర్వాత నిద్రపోవడం నేర్చుకున్నాం. డాక్టరు మాత్ర తగ్గించాడు. చేతి వణుకు తగ్గింది. దువ్వెన తేలికపడింది. క్లాసులో నిద్ర తగ్గిందని టీచరమ్మ కబురు చేసింది, ఆ మాట చెప్పడానికి మాత్రం నన్ను పిలిపించలేదు. ఒకరోజు మగ్గం పక్కన కూర్చుని పాప బడి సంగతి ఏదో చెప్పడం మొదలుపెట్టింది. నా భార్య పని ఆపేసి తల వంచుకుంది, కళ్లు తుడుచుకుందని నాకు తెలుసు.

గెలిచాం అనుకున్నాను. ఊరికీ, బడికీ, ఆసుపత్రికీ, మా అమ్మకీ, అందరికీ ఎదురు తిరిగి పాపను వెనక్కి తెచ్చుకున్నాను అనుకున్నాను.

ఒక శనివారం. నా భార్య కొళాయి దగ్గరుంది. నేను మగ్గంలోంచి లేచి వంటింట్లోకి పోతే పాప తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని కూర్చుని ఉంది. ముందర ఉగ్గాని పళ్లెం. ముట్టుకోలేదు.

"తిను తల్లీ. మాత్ర ఏసుకోవల్ల."

"ఆకలి లేదు నాయనా."

ఎప్పుడూ ఆకలితో ఉండే పిల్ల ఆ మాట అంది. నాకు ఒళ్లంతా మండిపోయింది. మా అమ్మ పొయ్యి దగ్గర నిలబడి ఉంది, ఆమెకు ఆ రోజు ఒక్కపొద్దు.

"మళ్లీ నేర్పినావా?" అన్నాను.

"నేనేమీ చెప్పలేదురా. ఆ సామి తోడు. తినమనే చెప్తాండా పొద్దుటినుంచి."

నమ్మలేదు. నోటికొచ్చిందల్లా అన్నాను. "నీ సామీ వద్దు, నువ్వూ వద్దు. కదిరిలో నీ తమ్ముని ఇంటికి పో. ఈ పిల్ల పెద్దదయ్యేదాకా నా గడప తొక్కొద్దు" అన్నాను. మా అమ్మ పొయ్యి ఆర్పింది. కొయ్యకు తగిలించిన చీర తీసి మడత పెట్టడం మొదలుపెట్టింది. నిజంగానే పోతుందని అర్థమైంది, అయినా నేను ఆపలేదు.

పాప లేచి వచ్చి అవ్వ చీర కొస పట్టుకుంది.

"అవ్వను యాడికీ పంపొద్దు నాయనా. అవ్వ తినమనే చెప్పింది. నేనే ఉంటాండా."

"ఎందుకమ్మా? ఫిట్సు పోయినాయి గదా. ఇంగ ఎవరికి మొక్కేది?"

పాప నా వైపు చూసింది. జవాబు కోసం ఆలోచిస్తున్న చూపు కాదు. ఎప్పుడో సిద్ధం చేసుకున్న జవాబు చెప్పాలా వద్దా అని చూస్తున్న చూపు.

"ఫిట్సు నాకు తెలీదు నాయనా. అవి మీకే కనపడతాయి. నేను లేసేసరికి అంతా అయిపోయింటాది. మీరంతా ఏడుస్తాంటారు, నాకేమీ తెలీదు. నేను మొక్కుకునింది ఫిట్సు పోవల్లని కాదు." అవ్వ చీర కొసను వేలికి చుట్టుకుంది. "ఆకలి పోవల్లని. మొదటి శనివారం నుంచి అదే మొక్కుకుంటాండా. ఆకలైతే తెలుస్తాది నాయనా. బడిలో తెలుస్తాది, ఇంట్లో తెలుస్తాది, నిద్దర్లో గూడా తెలుస్తాది. అందరూ నా పళ్లెం చూస్తాంటారు. నువ్వు గూడా చూస్తావు."

తిట్టడానికి నాకు ఎవరూ దొరకలేదు. ఇటు చూశాను, అటు చూశాను. మా అమ్మ మడిచిన చీర చేతిలో పట్టుకుని నిలబడిపోయింది. ఇంతకాలం మేం కొట్లాడింది ఒక రోగంతో, ఆ పిల్ల కొట్లాడింది ఇంకొకదానితో. పాప వైపు ఒక్కరమూ లేము.

"డాక్టరు చెప్పినాడు గదమ్మా, అది మందు చేసే పని, నీ తప్పు కాదని" అన్నాను.

"విన్నా నాయనా" అంది. "అయినా ఆకలైతాది గదా."

మా అమ్మ చీర పక్కన పెట్టి పాపను కూర్చోబెట్టింది. తనకు ఒక్కపొద్దు అయినా, ఆ పళ్లెంలోంచి ఒక పిడికెడు ఉగ్గాని తీసి తన నోట్లో పెట్టుకుంది. జీవితంలో మొదటిసారి శనివారం పొద్దున ఆమె తినడం చూశాను. పాప అవ్వ మొహం చూసి, తనూ తినడం మొదలుపెట్టింది. పళ్లెం చివరిదాకా తింది. నేను మాత్ర ఇచ్చాను, వేసుకుంది. బాణలిలో ఇంకా ఉంది. అటు ఒక్కసారి చూసి, చూపు తిప్పుకుంది.

"ఇంకొంచెం పెట్టుకో తల్లీ" అని నేనూ, మా అమ్మా ఒకేసారి అన్నాం.

"సాలు" అంది పాప.

చాలలేదని మా ముగ్గురికీ తెలుసు.